ఉల్లిపాయ రంగు బిళ్లలు

పోయిన వారం చంద్రిక తుపాకీకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టిన చోట మనం పేజీ మూసేశాం. వారం రోజులుగా ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకునే ఉంది. ముందు దాన్ని వదలనిద్దాం.

టప్!

తగిలింది. బిళ్లకి కాదు, గోడకి.

ఈ కథలో ఎవరి గోడు విన్నా ఆ గోడ దగ్గరికే వచ్చి ఆగుతుంది కాబట్టి దాన్ని ఒకసారి చూసుకుందాం. పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటి లోపలికి వెళ్తే పెళ్లిళ్లు తగ్గి ఈగలు తోలుకుంటున్న ఒక ఫంక్షన్ హాలు. దాని వెనక మైదానం. మైదానం చివర ఇటుక రంగు గోడ. గోడ ముందు కడ్డీల మీద వరసగా అరచేతంత ఇనప బిళ్లలు. ఎయిర్‌గన్ గుండు తగిలితే బిళ్ల టంగుమని వెనక్కి పడాలి. మర్నాడు ఆదివారం ఇక్కడ జూనియర్ అమ్మాయిల పోటీ. పొద్దున్నే పోటీల అధికారి జమీలా మేడం వచ్చి, మైదానం చూసి, సరేనంటేనే పోటీ నడుస్తుంది. కాదంటే ఈ ఏడాదికి అంతే. వచ్చే ఏడాదికి మన చంద్రికకి జూనియర్ వయసు దాటిపోతుంది. రాష్ట్ర జట్టులోకి వెళ్లాలన్న ఆ పిల్ల ఆశంతా ఈ ఒక్క ఆదివారం మీదే నిలబడి ఉంది.

టప్! మళ్లీ గోడే.

"చంద్రికా, ఎటు కొడ్తున్నవ్ బేటా?" అన్నాడు కోచ్ దస్తగిరి. తుపాకీలో ఒక గుండు, మెడ మీద ఒక గుండు ఉన్న మనిషి. ఆ రెండో గుండుకి చెమట పట్టింది.

"బిళ్ల ఎక్కడుంది సార్?"

వెనక నిలబడ్డ క్లబ్బు పిల్లలు కిసుక్కున నవ్వారు. దస్తగిరి చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని గోడ వైపు చూశాడు. కళ్లు చికిలించి చూశాడు. నాలుగడుగులు ముందుకేసి చూశాడు. చివరికి వెనక్కి తిరిగి, గొడుగు కింద దర్జాగా నిలబడ్డ చంద్రిక తండ్రి వైపు చూశాడు.

"అంబదాస్ భాయ్, గిదేం రంగు?"

"ఉల్లిపాయ రంగు." అంబదాస్ మీసం సవరించుకున్నాడు. "ఉత్త ఉల్లిపాయ గాదు, జర దుమ్ము కలిపిన. గోడ పెచ్చు గీకి జేబుల ఏస్కపోయి, పక్కన పెట్టుకోని మరీ కలిపించిన. చూసినవా, గింత తేడా సుత రాలె. అతికినట్టు లేదూ?"

"అతికింది భాయ్," అన్నాడు దస్తగిరి నీరసంగా. "గదే ఫికర్."

ఉల్లిపాయ రంగు కదా, మొదటి కన్నీటి చుక్క కోచ్ కంట్లోనే తిరిగింది.

అంబదాస్‌ని తప్పు పట్టే ముందు ఆయన వృత్తి గుర్తుచేసుకోవాలి. అమీర్‌పేటలో సుమలత మ్యాచింగ్ సెంటర్ ఆయనది. చీర కొంగు చూపిస్తే చాలు, దానికి కవల పిల్లలా ఉండే జాకెట్ గుడ్డ తీసి ముందు పడేస్తాడు. బిట్లు అమ్మే మనిషికి బెట్టు ఎక్కువ. తాను అమ్మే తాను మీద తనకున్న గురి, కూతురి తుపాకీకి కూడా లేదు. "మ్యాచ్ అంటుండ్రు, నన్ను కాదని మ్యాచింగ్ ఇంకెవలు చేస్తరు భాయ్?" అంటూ రంగుల రంగంలోకి ఆయనే దూకాడు. పాతికేళ్లుగా అలవాటైన పనే ఇక్కడా చేశాడు. జాకెట్‌ని చీరలో కలిపేసినట్టు బిళ్లని గోడలో కలిపేశాడు.

*

మెట్రో నీడ సగం, ఎండ సగం పడే దుకాణంలో ఆ మధ్యాహ్నం తండ్రీ, తల్లీ, కూతురూ ముగ్గురూ ఉన్నారు. చంద్రిక తుపాకీ పెట్టె మూలన పెట్టి స్టూలు మీద కూర్చుంది. సుమలత కౌంటర్ దగ్గర మీటరు కడ్డీ పట్టుకుని కూతురి ముఖం చూస్తోంది. అంబదాస్ లైనింగ్ గుడ్డల గుట్ట వెనక కింద కూర్చుని చెప్పుల్లో దూరిన మైదానం మట్టి దులుపుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి ఒక గొడుగు, గొడుగు వెనకే లేడీస్ హాస్టల్ నడిపే కమలకుమారి వచ్చారు. కాకినాడ నుంచి వచ్చి ఎన్నేళ్లయినా ఆవిడ మాటకి మాత్రం ఇంకా హైదరాబాదు నీళ్లు పట్టలేదు.

"సుమలత గారూ! ఆయన కునుక్కి వెళ్లారు కదా?" గొంతు తగ్గించి అడిగారు. "మరైతే ఆ కింద అర తెరవండి. నా వంగపండు చీరకి మెంతి రంగు తీసిపెడతానన్నారుగా!"

సుమలత కళ్లతో సైగ చేసింది. కమలకుమారి గారికి అర్థం కాలేదు.

"ఏంటండీ, కంట్లో నలక పడిందా? పోయినసారి మీరిచ్చిన కాంట్రాస్ట్ చూసి మా హాస్టల్ పిల్లలంతా నన్ను పొగిడి చంపేశారనుకోండి. చిలకపచ్చ చీరకి బచ్చలిపండు రంగు! మీ ఆయన్ని అడిగితే పచ్చకి పచ్చే ఇస్తారు, కట్టుకుంటే అరటిబోదెలా ఉంటాను."

లైనింగ్ గుట్ట వెనక నుంచి ముందు ఒక మీసం లేచింది. తర్వాత మనిషి లేచాడు.

"వంగపండుకు... మెంతి రంగా?" అన్నాడు అంబదాస్, ఇంట్లో దొంగలు పడ్డారని విన్నవాడిలా.

"అయ్యో, ఉన్నారా! ఇంకా పడుకోలేదేంటండీ?" కమలకుమారి గొడుగు దుకాణంలోనే తెరిచేశారు. "సరే అయితే, సాయంత్రం వస్తాను." రెండడుగులు వేసి ఆగి, చేయి మాత్రం కౌంటర్ మీదికి చాచారు. "ఆ ముక్క ఎలాగూ తీసిపెట్టారుగా, ఇచ్చేయండి."

ముక్క తీసుకుని ఆవిడ వెళ్లిపోయారు. ఇన్నాళ్లుగా దాగిన గుట్టు మాత్రం రంగు బయటపడి, నడి దుకాణంలో నిలబడింది.

అంబదాస్ కింది అర తెరిచాడు. పాత జాకెట్ కొలతలుంటాయని ఆయన ఎన్నడూ తెరవని అర. అందులో మడతలు మడతలుగా కనకాంబరం, నెమలికంఠం, చిలకపచ్చ, మెంతి.

"ఎన్నొద్దుల సంది నడుస్తుందే గిది?"

"నీకు మధ్యాహ్నం నిద్ర అలవాటైన సంది."

"కాంట్రాస్టు అన్నోళ్లను వేరే దుకాణం చూస్కొమ్మని నేనే పంపిన గద!"

"నువ్వు పంపినవ్. వాళ్లు గా మూల మీద మిర్చి బజ్జి తిని మల్ల ఒచ్చిండ్రు, నువ్వు పండుకున్నంక."

"దుకాణం పేరేందే?" అంబదాస్ గొంతు మెట్రో రైలుని దాటింది. "మ్యాచింగ్ సెంటర్! మా నాయన నూలుకు అద్దకం ఏసేటోడు. పోగు పక్కన పోగు పెడితే ఏది నిన్నటిది, ఏది ఇయ్యాల్టిది తెల్వొద్దు అనేటోడు. తెలిసిందా, మల్ల ముంచేటోడు. గా ఇంట్ల పుట్టినోడి దుకాణంల కింది అరల గీ దందానా?"

"పేరు మొత్తం సదువు," అంది సుమలత నెమ్మదిగా. "మ్యాచింగ్ అనే మాటకు ముందు సుమలత అని సుత ఉంది. గది నేనే."

ఆ బోర్డు రాయించింది అంబదాసే.

"నీ ఇద్యను నేను తక్కువ జేస్తలేనయ్యా," సుమలత మీటరు కడ్డీ పక్కన పెట్టింది. "చీరల జాకెట్ కలిసిపోవాలె, కలపాలంటే నీ తర్వాతనే ఎవలైనా. గాని గోడల బిళ్ల కలిసిపోతే నీ బిడ్డ దేన్ని కొడ్తది? గోడనా? జాకెట్ మీదికి ఎవలన్న తుపాకీ పడ్తరా?"

"అంటే తప్పు నాదేనా?"

అప్పటిదాకా ఊరుకున్న చంద్రిక లేచింది.

"బాపు, నాకు కొట్టరాక గాదు, కనవడక కొట్టలె. అందరు నవ్విండ్రు, నవ్వితే నవ్వనీ. రేపు జమీలా మేడం సుత చూసి పొమ్మంటే? నాకు ఇంకో ఏడు లేదు బాపు."

అంబదాస్ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "తల్లీబిడ్డా ఒక్కటైతే నాతోటి ఏం పని!" అని గుమ్మం దిగి స్కూటర్ ఎక్కాడు. కోపం మంచి వేడి మీద ఉంది కానీ స్కూటర్ చల్లగా ఉంది. కిక్కు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. సెల్ఫ్ రెస్పెక్ట్ ఉన్న మనిషికి సెల్ఫ్ స్టార్ట్ లేకపోవడమంత నామోషీ ఇంకోటి లేదు. చివరికి బండిని తోసుకుంటూనే రోడ్డు దాటాడు.

*

సుమలత ఆయన వెళ్లిన వైపు కాసేపు చూసి, ముక్కు ఎగబీల్చి, పనిలో పడింది. చీర కొనేవాళ్లెవరూ ట్యూబులైటుని నమ్మరు, గుమ్మంలోకి తెచ్చి ఎండలో విప్పి చూస్తారు. ఆవిడా అదే చేసింది. ఇటుక రంగు గుడ్డ ఒకటి షట్టర్ నుంచి కిందికి వేలాడదీసింది. సగం ఎండలో, సగం నీడలో పడేలా సర్దింది.

"పొద్దుగాల గోడ మీద నీడుంటది, పొద్దెక్కినంక ఎండొస్తది. రెండిట్ల కనవడాలె. నువ్వు రోడ్డవతల మెట్రో పిల్లర్ కాడ నిలబడి చెప్పు బిడ్డా."

అరచేతంత ముక్కలు కత్తిరించి, గుండుసూదితో గుడ్డ మీద ఒక్కొక్కటే గుచ్చింది.

"ఎరుపూ?" అని అరిచింది.

"ఎండల మంచిగుంది!" రోడ్డవతల నుంచి చంద్రిక అరిచింది. "నీడల సచ్చిపోయింది! నల్లగ అయితుంది!"

"కనకాంబరం?"

"ఇటుకకు చెల్లె లెక్కుంది! వద్దు!"

"తెలుపు?"

"ఎండల కండ్లల్ల పొడుస్తుందమ్మా! అంచు తెలుస్తలేదు!"

"నిమ్మపండు?"

"నీడల ఓకే! ఎండల పల్చగైతుంది!"

రంగు మారినప్పుడల్లా రోడ్డు మీద ఒక బండి ఆగుతోంది. కోచింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చిన కుర్రాళ్లు ఫుట్‌పాత్ మీద నిలబడి ఓట్లు వేయడం మొదలుపెట్టారు. నెమలికంఠానికి ఇద్దరు, బచ్చలిపండుకి ఒకరు. సుమలత కింది అరలోంచి ఇంకో ముక్క తీసి గుచ్చింది.

చంద్రిక ఎగిరింది. "అమ్మా! గదే! చిలకపచ్చ! దునికొస్తుందమ్మా, ఎండల దునుకుతుంది, నీడల సుత దునుకుతుంది!"

సిగ్నల్ దగ్గర ఆగాల్సిన ఆటో ఒకటి సర్రున ముందుకొచ్చి, కీచుమని బ్రేకు వేసి దుకాణం ముందు ఆగింది. "ఏందక్కా గిది!" అని డ్రైవర్ తల బయట పెట్టాడు. "గ్రీన్ పడ్డదనుకున్న!"

అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏ రంగుకి వస్తుంది?

సాయంత్రానికి క్లబ్బు డాబా మీద దస్తగిరి, సుమలత, చంద్రిక కూర్చుని బిళ్లలన్నిటికీ చిలకపచ్చ రంగు వేశారు. ఉల్లిపాయ పొరంతా పచ్చ కింద కనుమరుగైంది. దస్తగిరి గుండు మీద కూడా ఒక పచ్చ చుక్క పడింది, ఎవరూ చెప్పలేదు. "వదినా, అంబదాస్ భాయ్‌కు ఒక మాట చెప్పాలె కదా?" అన్నాడు. "అడిగితే చెప్త," అంది సుమలత. ఆయన అడగలేదు. ఆ పూట ఇంట్లో అన్నం తిన్నాడు, మాట మింగాడు, మంచం ఎక్కాడు.

*

ఆదివారం పొద్దున్న సుమలత లేచేసరికి అంబదాస్ లేడు, స్కూటర్ లేదు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయి మొక్కుకుంటుండొచ్చు అనుకుంది. కోపమొస్తే ఆయనకి అమ్మవారు, ఆకలేస్తే ఆలి. బిళ్లల సంచీ ఒళ్లో పెట్టుకుని కూతురితో ఆటోలో పంజాగుట్ట చేరింది. ఫంక్షన్ హాలు గేటు దగ్గర దస్తగిరి కలిశాడు. ముగ్గురూ హాలు పక్క సందులోంచి మైదానంలోకి వచ్చారు.

వచ్చి, నిలబడిపోయారు.

గోడ పచ్చగా ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, కింద నుంచి పై దాకా, తడి ఆరీ ఆరకుండా, నిగనిగలాడుతూ చిలకపచ్చగా ఉంది. ఇద్దరు పెయింటర్లు నిచ్చెన మడుస్తున్నారు. వాళ్ల ముందు, చేతులు రెండూ చాచి, మీసానికి పచ్చ అంటించుకుని, పెళ్లికొడుకులా నవ్వుతూ అంబదాస్!

"రాండ్రి రాండ్రి! ఎట్లుంది?"

దస్తగిరి రెండు చేతులూ గుండు మీద పెట్టుకున్నాడు. అంబదాస్ దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

"నిన్న స్కూటర్ తోసుకుంట పోయి చాయ్ బండి కాడ నిలబడ్డ. మీరు చేసేదంతా చూసిన. ఇటుక మీద చిలకపచ్చ పెట్టంగనే నాకు దిమాక్ల లైటు ఎలిగింది సుమా! ఇటుకా, ఉల్లిపాయా ఒక్కటే ఖాందాన్. ఇటుక మీద పచ్చ లేస్తే, పచ్చ మీద ఉల్లిపాయ సుత లేవాలె గద! బిళ్లలను మార్చుడెందుకు, గోడను మారిస్తే అయిపాయె! వాచ్‌మన్ మొగిలయ్యను ఒప్పిచ్చి, మీరు బిళ్లలు ముట్టకముందే అయిపోవాలెనని చీకటితోనే ఏపిచ్చిన. ఓనరు ఎట్లాగు రంగేపిద్దామనే ఉన్నడంట." ఆయన గొంతు కాస్త తగ్గింది. "నువ్వే గెలిచినవ్. పాతికేండ్ల సంది కాంట్రాస్టును నేనే తక్కువ జూసిన. గాని నా ఉల్లిపాయను సుత ఒక్కసారి నిలవెడదామనిపిచ్చింది. బిడ్డా, తియ్యి బిళ్లలు!"

చంద్రిక తల్లి వైపు చూసింది. తల్లి సంచీ వైపు చూసింది. దస్తగిరి ఆకాశం వైపు చూశాడు. చివరికి సుమలత సంచీ మూతి విప్పి, భర్త ముందు పట్టుకుంది.

అంబదాస్ లోపలికి వంగి చూశాడు. ఒక బిళ్ల తీశాడు. తిప్పి చూశాడు. దాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, అలవాటు కొద్దీ, పక్కన పెట్టి చూశాడు.

గింత తేడా సుత రాలేదు.

పాతికేళ్ల కాపురంలో ఆ దంపతులకి ఇంత మ్యాచింగ్ ఎన్నడూ కుదరలేదు. పచ్చని సంసారం అంటే ఇదేనేమో మరి!

"నువ్వు... చెప్పొద్దూ?" అన్నాడు ఆయన.

"నువ్వు అడగొద్దూ?" అంది ఆవిడ.

దెబ్బలాటకి కూడా వ్యవధి లేకపోయింది. గేటు బయట జీపు ఆగింది. తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు, మెడలో విజిలుతో జమీలా మేడం దిగారు. వెనకే వ్యానులోంచి మిగతా క్లబ్బుల అమ్మాయిలు తుపాకీ పెట్టెలతో బిలబిలమంటూ దిగారు. ఉన్నవి ఆ బిళ్లలే కనుక దస్తగిరి కల్మా చదువుకుంటూ వాటినే వరసగా కడ్డీల మీద నిలబెట్టి పరిగెత్తుకొచ్చాడు.

మేడం షూటింగ్ గీత దగ్గర నిలబడి గోడ వైపు చూశారు.

"దస్తగిరి సాబ్, టైం అయితుంది. టార్గెట్లు పెట్టించండి."

"పెట్టినం మేడం."

మేడం నల్ల కళ్లద్దాలు తీసి, దుపట్టాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత పూర్తిగా తీసేశారు.

"మేడం, గోడ నేనే..." అంటూ అంబదాస్ ముందుకొచ్చాడు. "తప్పంతా నాదే మేడం, పిల్లలది ఏం లేదు..."

"గోడ ఎవరిదైతే నాకెందుకన్నా? ఆడేటోళ్లకు కనవడుతుందా లేదా, గంతే నా లెక్క." ఆవిడ అమ్మాయిల వైపు తిరిగారు. "బేటా, గీత కాడికి రండి. బిళ్లలు ఎవరెవరికి సాఫ్‌గ కనవడుతున్నయో చెయ్యి లేపండి. ఒక్కరికి సుత కనవడకుంటే వ్యాన్ ఎక్కి ఇండ్లకు పొండి, ఈ సాల్ పోటీ లేదు."

అమ్మాయిలు గోడని చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క చేయీ లేవలేదు. అంబదాస్ తల దించుకున్నాడు. అప్పుడు వరస చివర ఒక చేయి లేచింది.

చంద్రికది.

"నాకు కనవడుతున్నయి మేడం."

మేడం ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూశారు. "అచ్ఛా? అయితే రా. ఒక్కటి, ఏదన్న ఒక్క బిళ్ల పడగొట్టు. పడ్డదంటే కనవడుతున్నట్టే, పోటీ పెడ్త. పడకుంటే..." విజిలు నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. మిగతాది చెప్పక్కర్లేకపోయింది.

చంద్రిక గీత దగ్గరికి నడిచింది. గుండు ఎక్కించింది. చెంపని తుపాకీకి ఆనించింది. ఎదురుగా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే పచ్చ. గీతకి ఆనుకుని జనం కోసం కట్టిన తాడు అవతల సుమలత భర్త చేయి ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలియదు.

"బిడ్డా," అంది సుమలత గుసగుసగా, "నిజంగ కనవడుతుందా?"

"లేదమ్మా," అంది చంద్రిక, పెదవి కదపకుండా.

అని, ట్రిగ్గర్ నొక్కింది.